‘అంతా ఆంక్షల పుణ్యమే’నట!

శ్రీహరికోట నుంచి పెద్ద రాకెట్ ఎగిరిన ప్రతిసారీ ఆ సాయంత్రం టీవీ చర్చల్లోనో, మర్నాటి పత్రికల్లోనో ఒక మాట తప్పకుండా వినబడుతుంది. ‘అప్పట్లో అమెరికా ఆంక్షలు పెట్టింది కాబట్టే మనవాళ్లు పంతం పట్టి సొంతంగా చేసుకున్నారు. ఒకరకంగా వాళ్లు మనకు మేలే చేశారు’ అని. క్రయోజెనిక్ ఇంజనుకు ఈ మాటే. సూపర్ కంప్యూటరుకూ ఇదే. అణు రియాక్టర్లకు, నావిక్ ఉపగ్రహాలకు పేర్లు మార్చి ఇదే కథ చెబుతారు. ‘శాపమే వరమైంది’ అన్న శీర్షిక మన పత్రికాఫీసుల్లో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

వినడానికి ఇంపుగానే ఉంటుంది. అవమానం పడ్డవాడు తొడగొట్టి గెలిచాడంటే ఎవరికి నచ్చదు? మన సినిమాల్లో సగం కథలు అవే. కాకపోతే సినిమాలో ఇరవై ఏళ్లు ఒక్క పాటలో గడిచిపోతాయి. రాకెట్ కేంద్రంలో గడవవు. తేదీలు, ఖర్చులు, ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నామన్న వివరాలు ముందేసుకుని చూస్తే ఈ కథ నిలబడదు. ఇంజనీర్ల ప్రతిభను తక్కువ చేయడానికి అంటున్న మాట కాదిది. వాళ్లకు దక్కాల్సిన ఘనతలో సగాన్ని అడ్డుపడ్డవాడి ఖాతాలో వేస్తున్నది ఈ కథే.

ముందు మాట సంగతి చూద్దాం. మన ఊళ్లలో ‘శాంక్షన్’ అంటే ఎవరూ భయపడరు, ఎదురుచూస్తారు. ‘ఇల్లు శాంక్షనైంది’, ‘లోను ఇంకా శాంక్షన్ కాలేదు’, ‘పింఛను ఈ నెలైనా శాంక్షనవుతుందా?’ ఇవన్నీ మండలాఫీసు వరండాల్లో పొద్దున్నే వినబడే మాటలు. ఇంజనీరింగ్ శాఖల్లో పరిపాలనా అనుమతి ఒకటి, సాంకేతిక అనుమతి ఒకటి, రెండూ శాంక్షన్లే. అదే మాట విదేశీ వార్తల పేజీకి వెళ్లేసరికి ఆంక్ష అయి కూర్చుంటుంది. ఆ ఆంక్షలు మళ్లీ వినాయక నిమజ్జనం నాటి ట్రాఫిక్ దగ్గర్నుంచి ఇరాన్ చమురు దాకా అన్నిటికీ సరిపోతాయి. ఇచ్చేవాడి సంతకానికీ ఆపేవాడి హుకుంకీ ఇంగ్లిషులో ఒకే మాట ఉండటం ఒట్టి చమత్కారమే అనుకున్నా, ఇక్కడ దానితో ఒక పని ఉంది. మన సాంకేతిక విజయాల వెనక ఉన్నది వాషింగ్టన్ వేసిన శాంక్షన్ కాదు, ఢిల్లీలో ఫైలు మీద పడిన శాంక్షన్. ఈ రెండోది పడనిచోట, పడినా చాలనిచోట, పడేసరికి ఆలస్యమైపోయినచోట ఆంక్షలు ఎన్ని ఉన్నా వాటి కడుపున ఏమీ పుట్టలేదు.

క్రయోజెనిక్ నుంచే మొదలుపెట్టాలి, ఈ వాదానికి పట్టుకొమ్మ అదే కాబట్టి. ద్రవ హైడ్రోజన్‌ను మైనస్ 253 డిగ్రీల దగ్గర, ద్రవ ఆక్సిజన్‌ను మైనస్ 183 దగ్గర నిల్వచేసి, నిమిషానికి వేల చుట్లు తిరిగే టర్బోపంపులతో దహన గదిలోకి తోయాలి. బరువైన సమాచార ఉపగ్రహాన్ని భూస్థిర కక్ష్య దారి పట్టించాలంటే మన రాకెట్ పై అంచెలో ఇలాంటి ఇంజను ఉండాలి. 1991లో సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో ఇస్రో రూ.235 కోట్లకు ఒప్పందం కుదుర్చుకుంది. ఇంజన్లూ ఇస్తారు, తయారుచేసే విద్యా నేర్పుతారు. అమెరికా, ఐరోపా కంపెనీలు చెప్పిన ధరల పక్కన పెడితే ఇది కారుచౌక. 1992 మేలో అమెరికా దీన్ని క్షిపణి పరిజ్ఞానం కింద జమకట్టి ఇస్రో మీద, గ్లావ్‌కాస్మోస్ మీద రెండేళ్లు ఆంక్షలు విధించింది. (ఇంధనం నింపడానికే గంటలు పట్టే ఇంజనుతో క్షిపణి చేసుకునే దేశం ఏదైనా ఉంటే దానికి శత్రువులు అక్కర్లేదు. అయినా వాదన అదే.) 1993లో రష్యా వెనక్కి తగ్గింది. విద్య నేర్పం, తయారైన ఏడు అంచెలు మాత్రం తీసుకోండి అంది.

ఇక్కడిదాకా అందరూ చెప్పేదే. ఆ తర్వాతి తేదీలే ఎవరూ చదవరు.

స్వదేశీ క్రయోజెనిక్ అంచెకు ఢిల్లీ రూ.300 కోట్లకు పైగా మంజూరు చేసింది 1994లో. 2001 ఏప్రిల్ 18న తొలి జీఎస్ఎల్వీ రాకెట్ ఎగిరింది, రష్యా అంచెతో. స్వదేశీ అంచె పెట్టుకున్న జీఎస్ఎల్వీ-డీ3 వంతు వచ్చింది 2010 ఏప్రిల్ 15న. ఇంధన బూస్టర్ పంపు నిమిషానికి 34,800 చుట్ల వేగం అందుకుంది. అంతలోనే నెమ్మదించి, సెకను లోపు ఆగిపోయింది. రాకెట్ బంగాళాఖాతం పాలైంది. అదే ఏడాది డిసెంబరు 25న రష్యా అంచెతో వెళ్లిన రాకెట్టూ గాల్లోనే ముక్కలైంది. 2013 ఆగస్టు 19న కౌంట్‌డౌన్ ఆఖరి దశలో రెండో అంచె నుంచి ఇంధనం కారుతోందని తేలి ప్రయోగం ఆపేశారు. చివరికి 2014 జనవరి 5న జీఎస్ఎల్వీ-డీ5 స్వదేశీ ఇంజనుతో జీశాట్-14ను కక్ష్యలో పెట్టింది. డబ్బు మంజూరైన నాటి నుంచి లెక్కేస్తే ఇరవై ఏళ్లు.

ఈ ఇరవై ఏళ్లూ ప్రపంచం మన కోసం ఆగలేదు. రెండు టన్నుల ఉపగ్రహమే పెద్దదనుకున్న కాలం పోయి, మూడు, నాలుగు, ఆరు టన్నులవి వచ్చాయి. మన ఇన్సాట్‌లనూ జీశాట్‌లనూ పెట్టెల్లో సర్ది ఫ్రెంచ్ గయానాలోని కౌరూకు పంపి, డాలర్లు పోసి ఏరియాన్ రాకెట్ల మీద ఎక్కించాం. 5,854 కిలోల జీశాట్-11 అలా వెళ్లింది 2018 డిసెంబరులో. 4,700 కిలోల జీశాట్-ఎన్2ను అమెరికా నేల నుంచి, స్పేస్ఎక్స్ వారి ఫాల్కన్-9 మీద పంపింది 2024 నవంబరులో. మన ఎల్వీఎం3 రాకెట్ 4,410 కిలోల ఉపగ్రహాన్ని మోయగలిగింది 2025 నవంబరులో. అంటే ఆంక్ష పెట్టినవాడి రాకెట్‌కే ముప్పై రెండేళ్ల తర్వాత కిరాయి కట్టాం. వరం అన్న మాటకు మన పురాణాల్లో ఈ అర్థం ఎక్కడా కనబడదు.

ఆలస్యమంతా అమెరికా నెత్తినే రుద్దడమూ న్యాయం కాదు. క్రయోజెనిక్ పనికి సారథ్యం వహించిన నంబి నారాయణన్‌ను 1994 నవంబరులో గూఢచర్యం కేసు పెట్టి అరెస్టు చేసింది కేరళ పోలీసులు. ఆ అరెస్టు అనవసరమైనదని చెప్పి సుప్రీంకోర్టు రూ.50 లక్షల పరిహారం ఇప్పించేసరికి 2018 సెప్టెంబరు వచ్చింది. ఆంక్షల పుణ్యం అనేవారు ఈ పేజీని తిప్పేస్తారు; పంతం కథలో ఇలాంటివి ఇమడవు కదా.

ఇదే నారాయణన్ పేరు ఇంకో ఇంజను చరిత్రలోనూ ఉంది. ఆంక్షల వాదాన్ని నిజంగా దెబ్బకొట్టేది ఆ ఇంజనే. దాని పేరు వికాస్. 1974లో ఇస్రో, ఫ్రాన్సుకు చెందిన ఎస్ఈపీ కంపెనీతో ఒక చిత్రమైన బేరం కుదుర్చుకుంది. ఫ్రెంచివాళ్లు అప్పట్లో ఏరియాన్ కోసం వైకింగ్ ఇంజను తయారుచేస్తున్నారు. వాళ్లకు పనిచేసే చేతులు కావాలి, మనకు విద్య కావాలి. రొక్కం బదులు మన ఇంజనీర్లు నార్మండీలోని వెర్నాన్ వెళ్లి ఫ్రెంచివాళ్ల పక్కన పనిచేశారు. నకళ్లు చేతికిచ్చి పొమ్మనే రకం ఒప్పందం కాదది. కొలతల దగ్గర, పరీక్షల దగ్గర, పగిలిన భాగాల దగ్గర నిలబడి చూసి నేర్చుకున్నారు. మన దేశంలో తయారైన ఇంజనును 1985లో అదే వెర్నాన్‌లో మండించి చూస్తే తొలిసారే సవ్యంగా పనిచేసింది.

పదకొండేళ్లు. క్రయోజెనిక్ అంతకంటే కష్టమైన విద్యే, కాదనం. అయినా తేడా అంతా దాని కష్టంలోనే లేదు. ఒకచోట తప్పు చేస్తే పక్కన చెప్పేవాడున్నాడు. ఇంకోచోట ప్రతి తప్పునూ రాకెట్ పోగొట్టుకునే నేర్చుకోవాల్సి వచ్చింది. పీఎస్ఎల్వీ రెండో అంచె వికాసే. చంద్రయాన్-1, మంగళ్‌యాన్ దాని మీదే వెళ్లాయి. 2023 జులై 14న చంద్రయాన్-3ను మోసుకెళ్లిన రాకెట్ నడిమి అంచెలో మండినవి రెండు వికాస్ ఇంజన్లు. ఇస్రోను ఇస్రో చేసిన ఇంజను ఒక్కటే చెప్పమంటే అనుభవజ్ఞులు చూపించేది దీన్నే. అది ఆంక్షల బిడ్డ కాదు, పొత్తు బిడ్డ. ఆ మాటకొస్తే 1963 నవంబరు 21న తుంబా నుంచి ఎగిరిన మొట్టమొదటి రాకెట్టే అమెరికాది.

ఇక సూపర్ కంప్యూటర్. ‘క్రే కంప్యూటర్ ఇవ్వనంది అమెరికా, మూడేళ్లలో పరమ్ చేసి చూపించాం’ అంటారు. సగం నిజం. మనం అడిగిన పెద్ద క్రేను ఇవ్వలేదు గానీ, వాతావరణ అంచనాల కోసం చిన్న క్రేను 1980ల చివర్లో ఢిల్లీకి అమ్మింది. 1988లో పుణెలో సీ-డాక్ పెట్టి, మూడేళ్ల గడువు, రూ.30 కోట్లు ఇచ్చారు. గడువు, డబ్బు, అధికారం మూడూ ఒకచోట పెట్టి ఇచ్చిన అరుదైన శాంక్షన్ అది. విజయ్ భట్కర్ బృందం 1991లో పరమ్ 8000ను నిలబెట్టింది, సందేహం లేదు. కానీ దాని గుండెకాయలు ఎక్కడివి? బ్రిటన్ కంపెనీ ఇన్‌మోస్ తయారుచేసిన ట్రాన్స్‌ప్యూటర్ చిప్‌లు. బజార్లో దొరికే చిప్‌లను వందల లెక్కన కలిపి ఒక్క యంత్రంలా పనిచేయించడంలోనే మనవాళ్ల తెలివి ఉంది. ఆ చిప్‌లు కూడా దొరక్కపోయి ఉంటే ఆ తెలివికి పనేమిటి? 2020లో ప్రపంచ జాబితాలో 63వ స్థానం తెచ్చుకున్న పరమ్ సిద్ధి కూడా అమెరికన్ కంపెనీ ఎన్‌విడియా చిప్‌ల మీదే నడుస్తుంది. క్రేను ఆపి అమెరికా మనకు చిప్‌ల తయారీ నేర్పిందని అనగలిగేవారు ఎవరైనా ఉన్నారా?

పోఖ్రాన్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. 1998 మే 11, 13 తేదీల్లో అణు పరీక్షలు జరిగాయి. అమెరికా, జపాన్ ఆంక్షలు విధించాయి. ‘అయినా మనకేం కాలేదు, ఆంక్షలను లెక్కచేయలేదు’ అన్నది అప్పటి నుంచి వస్తున్న మాట. మనకేం కాలేదన్నది చాలావరకు నిజమే. కారణం మన ఛాతీ కొలత కాదు, ఆంక్షల మెతకదనం. పాకిస్థాన్‌కు గోధుమలు అమ్ముకోలేకపోతామని అమెరికా రైతులు గోల పెట్టగానే జులై మధ్యకల్లా వ్యవసాయ రుణాలకు మినహాయింపు చట్టం వచ్చేసింది. ప్రపంచ బ్యాంకు విద్యుత్తు వంటి రంగాల రుణాలను వాయిదా వేసింది గానీ, ఆంక్షలు నడుస్తుండగానే జూన్ 25న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్నిర్మాణ ప్రాజెక్టుకు 54 కోట్ల డాలర్లకు పైగా రుణం ఇచ్చింది. అందులో బడులు, వైద్యం, పోషకాహారం ఉన్నాయి కాబట్టి మానవీయ అవసరాల కింద దారి దొరికింది. అదే రాష్ట్రం ఎదురుచూస్తున్న విద్యుత్ సంస్కరణల రుణం మాత్రం 1999 ఫిబ్రవరిలో గానీ తేలలేదు. హైదరాబాద్ సచివాలయంలో ఆ వేసవి ఒక శాంక్షన్ కారణంగా ఇంకో శాంక్షన్ కోసం కాచుకున్న వేసవి.

డాలర్ల కొరత తీర్చుకోవడానికి ఆగస్టులో స్టేట్ బ్యాంకు రీసర్జెంట్ ఇండియా బాండ్లు అమ్మితే ప్రవాసులు 420 కోట్ల డాలర్ల దాకా పెట్టారు. దేశభక్తి కథల్లో ఇదొకటి. బాండు మీద డాలర్లలో 7.75 శాతం వడ్డీ ఇస్తామన్న సంగతి మాత్రం ఆ కథల్లో చిన్న అక్షరాల్లో కూడా ఉండదు. ఇక ఆంక్షలు పోయిందెప్పుడు? 2001 సెప్టెంబరు 22న. న్యూయార్క్ జంట సౌధాలు కూలిన పదకొండో రోజు, అమెరికాకు ఈ ప్రాంతంలో తోడు అవసరమైనప్పుడు. పెట్టింది వాళ్ల అవసరానికి, తీసిందీ వాళ్ల అవసరానికే. మధ్యలో మనం గెలిచిందేముంది?

అణు విద్యుత్తు దగ్గరికొస్తే ఈ వాదం పూర్తిగా చతికిలబడుతుంది. 1974 అణు పరీక్ష తర్వాత కెనడా చేతులెత్తేసింది. రాజస్థాన్‌లో మొదటి రియాక్టర్ 1973లో మొదలైతే, దాని జంట రియాక్టర్ 1981 దాకా నడవలేదు. భారజలం దగ్గర్నుంచి ఇంధన కడ్డీల దాకా అన్నీ మనమే చేసుకున్నాం. గోదావరి ఒడ్డున మణుగూరు భారజల కర్మాగారం, హైదరాబాద్ మౌలాలి దగ్గర అణు ఇంధన సముదాయం అందుకు సాక్ష్యాలు. గొప్ప పనే. ఫలితం చూడండి. 2000 నాటికి 10,000 మెగావాట్లని పెట్టుకున్న లక్ష్యంలో మూడు వేలు కూడా దాటలేదు. 2008 ప్రాంతంలో ఉన్న రియాక్టర్లే యురేనియం చాలక సగం సామర్థ్యంతో ఈడ్చుకొచ్చాయి. అదే ఏడాది సెప్టెంబరు 6న అణు సరఫరా దేశాల బృందం మనకు మినహాయింపు ఇచ్చింది. రష్యా నుంచి, కజకిస్థాన్ నుంచి, 2015లో కుదిరిన ఒప్పందంతో కెనడా నుంచి కూడా యురేనియం వచ్చింది. హైదరాబాద్‌లో అవే యంత్రాలు, అవే చేతులు. ముడిసరుకు వచ్చేసరికి రియాక్టర్ల సామర్థ్య వినియోగం 80 శాతం దాటింది. ఆంక్షలు మేలు చేసేవైతే వాటిని తీసేశాక మన పని మందగించాలి కదా!

కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గనిని కూడా ఈ కోవలో చెప్పేవారున్నారు. అక్కడి ఖనిజం తక్కువ శ్రేణిది, క్షార పద్ధతిలో శుద్ధి చేయాల్సినది. దానికి శంకుస్థాపన జరిగింది 2007లో, అంటే 1974 నాటి ఆంక్షలకు ముప్పై మూడేళ్ల తర్వాత. పంతానికి అంత నిదానం ఉంటుందా?

నావిక్ సంగతి చెప్పి ముందుకెళదాం. ‘కార్గిల్ యుద్ధంలో అమెరికా జీపీఎస్ ఇవ్వనంది, అందుకే మన నావిక్’ అన్నది అందరి నోటా ఉన్న మాట. అప్పట్లో జీపీఎస్ పౌర సంకేతాన్ని అమెరికా కావాలనే మసకబార్చి ప్రపంచం మొత్తానికీ ఇచ్చేది. 2000 మేలో ఆ పద్ధతి మానేసింది. అవమానం జరిగింది 1999లో అనుకుంటే, ప్రాజెక్టుకు ఆమోదం దొరికింది 2006లో. మొదటి ఉపగ్రహం 2013లో, ఏడోది 2016లో వెళ్లాయి. వాటిలో పెట్టిన రుబీడియం గడియారాలు స్విట్జర్లాండ్ నుంచి కొన్నవి. అవి ఒక్కొక్కటే మొరాయించాయి. మన సొంత గడియారంతో ఉపగ్రహం వెళ్లింది 2023 మే 29న. మొత్తం 11 పంపితే, స్థానం చెప్పే పని చేస్తున్నవి నాలుగేనని 2025లో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. భూమ్మీద ఒక చోటును గుర్తుపట్టడానికి కనీసం కావాల్సింది నాలుగు. ఆ నాలుగింటిలో ఒకటి మొరాయిస్తే, నావిక్ ఒక్కదాన్నే నమ్ముకున్న ఫోనులో చుక్క కదలదు.

ఈ వాదానికి ఒక బలమైన రూపం ఉంది, దాన్ని తప్పించుకోకూడదు. ‘దొరికితే మనవాళ్లు కొనుక్కుంటూనే ఉండేవాళ్లు, దొరక్కపోవడం వల్లే చేయి కదిలింది’ అనేది. ఉదాహరణగా హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్‌ను చూపిస్తారు. హెపటైటిస్-బి టీకా పరిజ్ఞానం కోసం విదేశీ కంపెనీని అడిగితే చులకనగా మాట్లాడి పంపేశారని, ఆ కసితోనే కంపెనీ పెట్టానని వరప్రసాద్ రెడ్డి గారు చాలాసార్లు చెప్పారు. కసి నిజమే. అయితే కసి టీకా తయారుచేయదు. పనికి చోటిచ్చింది ఉస్మానియా విశ్వవిద్యాలయం, తర్వాత సీసీఎంబీ. పెట్టుబడితో ఆదుకున్నది ఒమన్ విదేశాంగ మంత్రి. ఇవి లేకపోతే 1997లో ఆ టీకా బయటికి రాదు. కసి మాత్రం మిగిలేది. కసి ఉండి ప్రయోగశాల దొరకనివాళ్లు మన దగ్గర ఎందరో. వాళ్ల గురించి ఎవరూ వ్యాసాలు రాయరు కాబట్టి కసి ఒక్కటే చాలన్నట్టు కనబడుతుంది.

అదే హైదరాబాద్‌లో మందుల పరిశ్రమ మొత్తాన్ని చూస్తే ఆంక్షల ఊసే లేదు. సోవియట్ సాయంతో వచ్చిన ఐడీపీఎల్ కర్మాగారం కొన్ని వందల మందికి రసాయన విద్య నేర్పింది. 1970 నాటి పేటెంట్ల చట్టం, మందుకు కాకుండా దాన్ని తయారుచేసే పద్ధతికే పేటెంటు అంది. దారి మార్చి చేసుకుంటే అప్పట్లో నేరం కాదు. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. చుట్టూ ఇంకెన్నో వచ్చాయి. ఎవరూ మనల్ని వెలివేయలేదు. ఒక చట్టం, ఒక బడి లాంటి కర్మాగారం, కొంత ధైర్యం. ప్రపంచానికి మాత్రలు అమ్మే ఊరు అలా తయారైంది.

ఆంక్షలకు నిజంగా విద్య నేర్పే గుణమే ఉంటే ఈపాటికి ఇరాక్ సాంకేతిక శిఖరం కావాలి. 1990 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి పెట్టిన దిగ్బంధం పన్నెండేళ్లకు పైగా నడిచింది. గ్రాఫైటు ఉందంటూ బడిపిల్లల పెన్సిళ్లకు కూడా అభ్యంతరాలు వచ్చాయి. అక్కడ సహాయ కార్యక్రమాన్ని నడిపిన డెనిస్ హాలిడే ఇది తనవల్ల కాదని 1998లో రాజీనామా చేశారు. ఆయన స్థానంలో వచ్చిన హాన్స్ ఫాన్ స్పోనెక్ 2000లో అదే పని చేశారు. మనకు పడినవి అలాంటివి కావు. కొన్ని సంస్థలకు, కొన్ని వస్తువులకు పరిమితమైనవి. మిగతా ప్రపంచంతో మన కొనుగోళ్లు, చదువులు, రాకపోకలు సాగుతూనే ఉన్నాయి. మనం నిలదొక్కుకున్నామంటే ఆ తెరిచి ఉన్న దారుల వల్లే.

ఈ కథ వల్ల నష్టమేముంది, వింటే హుషారొస్తుంది కదా అనొచ్చు. నష్టం ఉంది. దెబ్బ తగిలిన ప్రతిసారీ ‘ఇదీ మన మంచికే’ అనేసి చేయాల్సిన పని వాయిదా వేయడానికి ఇది పనికొస్తుంది. 2025 ఆగస్టులో రష్యా చమురు కొంటున్నామన్న నెపంతో అమెరికా మన సరుకుల మీద అదనంగా 25 శాతం సుంకం వేసి మొత్తం 50 చేసింది. పేరుకు సుంకం, గుణానికి ఆంక్షే. కొత్త మార్కెట్లు వెతుక్కునే సువర్ణావకాశం అన్న విశ్లేషణలు ఆ వారంలోనే వచ్చేశాయి. అమెరికాకు రొయ్యలు పంపే భీమవరం చుట్టుపక్కల వనామీ చెరువుల గట్ల మీద మాట వేరు. రొయ్య కౌంటుకొచ్చాక చెరువులో ఉంచితే రోజూ మేత పడాలి, రాత్రంతా ఏరేటర్లు తిరగాలి, కరెంటు బిల్లు పెరగాలి, వైరస్ భయం వెంటాడాలి. ధర పడిందని పట్టుబడి ఆపుకునే వీలు లేదు. ఐరోపాలో కొత్త కొనుగోలుదారు దొరికేదాకా ఆగమని రొయ్యకు ఎవరు చెబుతారు? వరమన్న మాట గట్టు మీద నిలబడి అనేవారు ఒక్కరూ కనబడరు.

అదే ఏడాది జులైలో ఐరోపా సమాఖ్య గుజరాత్‌లోని వాడినార్ రిఫైనరీని నడిపే నయారా ఎనర్జీ మీద ఆంక్షలు విధించింది. దేశంలోని పెద్ద రిఫైనరీల్లో అదొకటి. ఆంక్షలు వేసింది ఐరోపా అయితే, మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీ ఉద్యోగుల మెయిళ్లు ఆపేసింది. వాళ్లు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. కొన్నాళ్లకు సేవలు తిరిగొచ్చాయి. సాఫ్ట్‌వేర్‌లో ప్రపంచానికి పనివాళ్లను పంపే దేశంలో, డబ్బు కట్టి వాడుకుంటున్న ఉత్తరాల పెట్టెకు తాళం ఇంకొకరి చేతిలో ఉంది. 1992 నుంచి ఆంక్షల బళ్లో చదువుకున్నామని చెప్పుకునేవారు ఈ పాఠం ఏ తరగతిలో తప్పామో కూడా చెప్పాలి.

చివరిగా తేజస్ విమానం. ఆంక్షల వల్లే మేలు జరిగిందా లేదా అని తేల్చడానికి ఇంతకంటే మంచి పరీక్ష దొరకదు, ఎందుకంటే ఒకే విమానంలో రెండు ఫలితాలూ ఉన్నాయి. 1998 మే నాటికి మన ఇంజనీర్లు అమెరికాలో లాక్‌హీడ్ మార్టిన్ వాళ్లతో కలిసి విమాన నియంత్రణ వ్యవస్థ మీద పనిచేస్తున్నారు. పోఖ్రాన్ తర్వాత వాళ్లను సామాను వదిలేసి వెళ్లిపొమ్మన్నారు. బెంగళూరు వచ్చి మిగతా పని వాళ్లే పూర్తిచేశారు. 2001 జనవరి 4న విమానం ఎగిరింది. ఆంక్షల వాదులు ఇక్కడ చప్పట్లు కొడతారు. అయితే ఆ బృందం అప్పటికే ఏళ్ల తరబడి ఆ పనిలో ఉంది. నియంత్రణ సూత్రాలు రాసినవాళ్లు, పరీక్షించే సిమ్యులేటర్లు, డబ్బు అన్నీ ఆంక్షలకు ముందే కుదిరి ఉన్నాయి. విదేశీ సాయం ఆగినా పని ఆగకపోవడానికి కారణం అది.

అదే విమానానికి ఇంజను కూడా మనమే చేసుకోవాలని అనుకున్నాం. పేరు కావేరి. బెంగళూరులోని గ్యాస్ టర్బైన్ పరిశోధన సంస్థకు 1989 మార్చిలో రూ.382.81 కోట్లు శాంక్షనయ్యాయి, 1996 కల్లా పూర్తిచేయాలని గడువు పెట్టారు. నిప్పుల్లో తిరిగే టర్బైన్ రేకులను ఒకే స్ఫటికంగా పోతపోసే విద్య అప్పట్లో ఎవరూ అమ్మలేదు, ఎవరూ నేర్పలేదు. ఎత్తులో ఇంజను ఎలా పనిచేస్తుందో చూసే పరీక్షా కేంద్రం దేశంలో లేదు. ఇంజనును మోసుకుని రష్యా వెళ్లేవాళ్లు. నిరాకరణ దీనికి ఎంత కావాలంటే అంత దొరికింది. 1998 ఆంక్షలూ తోడయ్యాయి. బరువు తగ్గలేదు, రావాల్సిన తోపుడు శక్తి రాలేదు. 2008లో కావేరిని తేజస్ నుంచి తప్పించారు. విమానం జనరల్ ఎలక్ట్రిక్ ఎఫ్404 ఇంజనుతోనే ఎగురుతోంది. 2021లో ఆర్డరిచ్చిన 99 ఇంజన్లలో మొదటిది మన చేతికొచ్చింది 2025 మార్చిలో. కొత్త విమానాల బాడీలు అప్పటిదాకా ఇంజన్ల కోసం ఎదురుచూశాయి. ఈసారి ఏ ఆంక్షా లేదు, అమెరికా కంపెనీకి విడిభాగాలు సమయానికి అందలేదు, అంతే. ఆ ఏడాది నవంబరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ అదే కంపెనీకి మరో 113 ఇంజన్లకు ఆర్డరిచ్చింది.